బరువు తగ్గే స్లీవ్ ఆపరేషన్ అయ్యి 14 నెలలు. బిళ్లలు మానేశాను. ఇప్పుడు అరికాళ్లు మొద్దుబారుతున్నాయి

సన్నజాజి_బెజవాడ
నిరుడు జ్యేష్ఠంలో హైదరాబాద్‌లో స్లీవ్ చేయించుకున్నాను, బరువు తగ్గడానికి కడుపు కోసి చిన్నది చేసే ఆపరేషన్. అప్పుడు 112 కిలోలు, ఇప్పుడు 74. షుగర్ బిళ్ల మాన్పించారు. మోకాళ్ల నొప్పి పోయింది. అంతా బాగానే ఉందనుకున్నాను.

మొదటి ఆరు నెలలు ఇచ్చినవన్నీ వేళకు వేసుకున్నా. మల్టీవిటమిన్, కాల్షియం, ఐరన్, వారానికో విటమిన్ డి3 పొడి సాచెట్. తర్వాత ఇంట్లో మొదలైంది. "అన్నం తింటున్నావుగా, ఇంకా ఈ బిళ్లలెందుకు? కిడ్నీలు పాడైపోతాయి" అని మా అత్తగారు. ఐరన్‌తో నాకూ మలబద్ధకం బాగా ఇబ్బంది పెట్టింది. ముందు ఐరన్ మానేశా, తర్వాత కాల్షియం, చివరికి అన్నీ.

ఇప్పుడు నెల రోజులుగా పడుకుంటే అరికాళ్లలో చీమలు పాకినట్టుంటోంది. మొన్న గుడి నుంచి వస్తుంటే ఎడమ కాలి చెప్పు ఊడిపోయింది. నాకు తెలియలేదు. నాలుగడుగులు వేశాక మా పాప వెనక నుంచి "అమ్మా, నీ చెప్పు" అని పట్టుకొచ్చింది. అప్పటి నుంచి భయంగా ఉంది. దీనికీ బిళ్లలు మానడానికీ సంబంధం ఉందా? డిశ్చార్జి కాగితంలో "జీవితాంతం" అని రాసి ఉంది, నిజంగా జీవితాంతమేనా?

కూకట్‌పల్లి_వెంకట్
రేపు పొద్దున్నే బి12 పరీక్షకు రక్తం ఇవ్వండి. ఎవరో చెప్పారని ముందే ఇంజెక్షన్ చేయించుకోకండి, చేయించుకుంటే పరీక్షలో నంబరు పెరిగి అసలు సంగతి కనపడదు. రక్తం ఇచ్చాక అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చెప్పు ఊడినా తెలియలేదంటే నరాల సంగతి, వాయిదా వేసేది కాదు.

రెండో ప్రశ్నకు జవాబు: అవును, జీవితాంతమే. నాది 2019 బైపాస్ (గుండెది కాదు, బరువు తగ్గడానికి కడుపుకూ పేగుకూ చేసేది), ఇప్పటికీ రోజూ వేసుకుంటున్నా.

మునగచెట్టు
వెంకట్ గారు చెప్పిందే నా మాట కూడా. బి12తో పాటు ఫెర్రిటిన్ (ఇనుము నిల్వ), విటమిన్ డి, కాల్షియం, పీటీహెచ్ (కాల్షియాన్ని అదుపు చేసే హార్మోన్), సీబీసీ (రక్తకణాల లెక్క) అన్నీ ఒకేసారి ఇచ్చేయండి. మళ్లీ మళ్లీ సూది గుచ్చించుకోవడం ఎందుకు.

కరీంనగర్_మల్లన్న
నేను 2020ల బైపాస్ చేయించుకున్న. మొదటి మూడు నెలలు పోతే ఒక్క గోళీ వేసుకోలేదు. మొన్న చూపిస్తే హిమోగ్లోబిన్ 13.2 ఉంది. పొలం పని చేస్తున్న, బండి నడుపుతున్న. తిండి మంచిగ తింటే ఇవన్నీ అక్కర్లేదని నా అభిప్రాయం. సగం మందుల కంపెనీల వ్యాపారమే. అక్కను ఊరికే భయపెట్టకుండ్రి.

నర్సు_విశాఖ
మల్లన్న గారూ, మీరు బాగున్నందుకు సంతోషం. కానీ హిమోగ్లోబిన్ ఒక్కటి చూసి అంతా బాగుందనుకోవద్దు. శరీరం ముందు దాచుకున్న ఇనుమును ఖర్చు పెడుతుంది. ఆ నిల్వ ఎంతుందో చెప్పేది ఫెర్రిటిన్. నిల్వ అడుగంటాకే హిమోగ్లోబిన్ పడిపోవడం మొదలవుతుంది. బి12 అయితే ఇంకా ఆలస్యం. కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా దాచి ఉంటుంది కాబట్టి ఆపరేషన్ తర్వాత చాలా రోజులు ఏమీ తెలియదు.

సన్నజాజి గారూ, మీకు ఇలా ఎందుకవుతుందో చెప్తా. మనం తినే గుడ్డులో, పాలలో, మాంసంలో బి12 ప్రోటీన్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది. దాన్ని విడదీయడానికి కడుపులో ఆమ్లం కావాలి. విడిపోయాక దాన్ని పట్టుకుని చిన్న పేగు చివరిదాకా మోసుకెళ్లే పదార్థం ఒకటుంది, ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అంటారు. దాన్ని తయారు చేసేది కూడా కడుపు గోడే. స్లీవ్‌లో కడుపును దాదాపు ముప్పావు వంతు కోసి తీసేస్తారు. అంటే ఆమ్లమూ తగ్గింది, మోసేవాడూ తగ్గాడు. మీరు ఎంత మంచి తిండి తిన్నా దారిలోనే పోతుంది. బైపాస్ వాళ్లకు దీనికి తోడు చిన్న పేగు మొదటి భాగం కూడా పక్కకు పోతుంది. ఇనుము, కాల్షియం ఎక్కువగా ఇంకేది సరిగ్గా అక్కడే.

మీరు ఇదివరకు వాడిన షుగర్ బిళ్ల మెట్‌ఫార్మినా? అదైతే ఏళ్లపాటు వాడినప్పుడు అది కూడా బి12ను తగ్గిస్తుంది. ఆపరేషన్ నాటికే మీ నిల్వ తక్కువగా ఉండి ఉండొచ్చు.

సన్నజాజి_బెజవాడ
అవునండీ, మెట్‌ఫార్మినే. తొమ్మిదేళ్లు వాడాను. గ్యాస్ బిళ్ల కూడా ఇప్పటికీ రోజూ పరగడుపున వేసుకుంటున్నా.

నర్సు_విశాఖ
ఆ గ్యాస్ బిళ్ల ఆమ్లాన్ని ఇంకా తగ్గిస్తుంది. మీ అంతట మీరు మానకండి, స్లీవ్ వాళ్లకు పులితేన్పులు ఉంటే అది అవసరమే. కానీ ఇన్నాళ్లుగా వాడుతున్నానని డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.

రాగిజావ
నాకు మాత్రం బిళ్లల మీద కన్నా తిండి మీదే నమ్మకం ఎక్కువ. మా అమ్మమ్మ 84 ఏళ్లు బతికింది, ఒక్క కాల్షియం బిళ్ల ఎరగదు. రాగులు, నువ్వులు, మునగాకు, తోటకూర తింటే కాల్షియానికీ ఇనుముకూ లోటేంటి? మన వంటింట్లో లేనిది ఏముంది?

మందులషాపు_రమణ
రాగిజావ గారూ, మీ అమ్మమ్మగారి కడుపు పూర్తిగా ఉంది కదండీ. లెక్క చూద్దాం. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 360 మి.గ్రా. కాల్షియం ఉంటుంది, మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో ఉన్న అంకె అది. బాగుంది. కానీ స్లీవ్ అయినవాళ్లు ఒక పూట తాగే జావలో పిండి ఎంత? రెండు చెంచాలు, 20 గ్రాములు అనుకుందాం. అంటే 70 మి.గ్రా. అందులో రాగుల్లోని ఫైటేట్లనే పదార్థాల వల్ల కొంత ఇంకదు. వాళ్లకు రోజుకు కావలసింది 1200 నుంచి 1500 మి.గ్రా. ఆ లెక్కన రోజంతా జావే తాగాలి. అప్పుడు ప్రోటీన్‌కు చోటెక్కడిది? రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్ కావాలని చెప్తారు, అదే అందక అందరూ తిప్పలు పడుతుంటారు.

రాగిజావ
లెక్క ఒప్పుకుంటా. జావ మాత్రం మాననండి.

మందులషాపు_రమణ
మానమని ఎవరన్నారు, మా ఇంట్లోనూ రోజూ ఉంటుంది. దాన్ని తిండిగా తాగండి, మందుగా లెక్కేయకండి అంటున్నా.

డల్లాస్_పద్మ
ఆ "జీవితాంతం" మాట ఆపరేషన్‌కు ముందు ఎవరూ గట్టిగా చెప్పరు, నాకు అదే కోపం. ఎన్ని కిలోలు తగ్గుతావు, ఎన్ని రోజుల్లో పనికి వెళ్లొచ్చు, ఇవన్నీ గంటసేపు చెప్తారు. బిళ్లల గురించి మాత్రం చివర్లో ఒక కాగితం చేతిలో పెడతారు.

ఇక్కడ బేరియాట్రిక్ (బరువు తగ్గే ఆపరేషన్) వాళ్ల కోసమే చేసిన నమిలే బిళ్లలు దొరుకుతాయి. నేను మొదట్లో వాటి బదులు గమ్మీలు తిన్నా, రుచిగా ఉంటాయని. ఏడాది తర్వాత చూస్తే వాటిలో ఇనుము లేదు, బి1 లేదు. ఒంటికి అంటించుకునే ప్యాచ్‌లు కూడా అమ్ముతారు. చర్మం గుండా కావలసినంత లోపలికి వెళ్తుందని నమ్మడానికి సరైన ఆధారం లేదు. డబ్బు పెట్టకండి.

కరీంనగర్_మల్లన్న
పద్మక్కా, మరి అక్కడ అమెరికాలనే అంత చెప్పకపోతే ఇక్కడ ఎవరు చెప్తరు. నాకైతే డిశ్చార్జి రోజు మూడు నెలలకు మందులిచ్చి పంపిండ్రు. అవి అయిపోయినంక ఇగ అయిపోయిందనుకున్న.

నిదానం
ఈ చర్చ రెండు రోజులుగా చదువుతున్నా. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నా. మా ఆవిడ సంగతి.

2022లో తనకు మినీ బైపాస్ అయింది. మూడు వారాలు బాగానే ఉంది. నాలుగో వారం నుంచి వాంతులు. మంచినీళ్లు తాగినా వాంతే. బిళ్లలు మింగినా బయటికి వచ్చేసేవి, దాంతో మానేసింది. "కొత్తలో అలాగే ఉంటుంది, సర్దుకుంటుంది" అని చుట్టూ అందరూ అన్నారు, నేనూ అదే అన్నాను. పది రోజులు గడిచాయి. మా ఊళ్లో ఒక నర్సింగ్ హోంలో నీరసానికి గ్లూకోజ్ ఎక్కించారు. రెండు బాటిళ్లు. ఆ మర్నాడు పొద్దున మంచం దిగి బాత్రూంకు వెళ్తూ గోడ పట్టుకుంది. తాగినవాళ్లు నడిచినట్టు తూలుతోంది. "మీరిద్దరెందుకు నిలబడ్డారు" అంది. గదిలో ఉన్నది నేనొక్కడినే. సాయంత్రానికి మా పెద్దాడి పేరు అడిగితే తడుముకుంది.

రాత్రికి రాత్రి కారులో హైదరాబాద్ తీసుకెళ్లా. అక్కడ క్యాజువాల్టీలో ఒక కుర్ర డాక్టరమ్మ కళ్లు చూసి, ఆపరేషన్ ఎప్పుడైంది, వాంతులు ఎన్నాళ్లుగా అని రెండే ప్రశ్నలు అడిగింది. వెంటనే నరానికి బి1 పెట్టించింది. థయామిన్. స్కాన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఇది వెళ్లాలి అంది. రెండు మూడు రోజుల్లో కళ్లు సర్దుకున్నాయి. నడక మాత్రం ఏడు నెలలు పట్టింది. ఇప్పటికీ చీకట్లో నా చెయ్యి పట్టుకునే నడుస్తుంది.

ఆ డాక్టరమ్మ చెప్పింది ఇది. బి1 మన ఒంట్లో రెండు మూడు వారాలకు మించి నిల్వ ఉండదు. తిండి లేక, వాంతులతో అది అయిపోతుంది. అలాంటప్పుడు బి1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్తా దాన్ని అరిగించడానికే ఖర్చయిపోతుంది, మెదడు దెబ్బతింటుంది. ఆపరేషన్ అయిన ఎవరికైనా వాంతులు రెండు మూడు రోజులు ఆగకపోతే ఇంట్లో కూర్చోకండి. ఎక్కడికి వెళ్లినా "నాకు బేరియాట్రిక్ సర్జరీ అయింది, గ్లూకోజ్ కంటే ముందు థయామిన్ పెట్టండి" అని నోరు తెరిచి అడగండి. నేను ఒక కాగితం మీద రాసి మా ఆవిడ పర్సులో పెట్టాను.

కొత్తపేట_కవిత
చదువుతుంటే ఒళ్లు జలదరించింది అన్నా. వదిన గారు ఇప్పుడు కులాసాయేనా?

నిదానం
బాగుందమ్మా. నిన్న పెసరట్టు వేసి పెట్టింది, అందులో ఉప్పు మర్చిపోయింది. అది బి1 వల్ల కాదులే, సీరియల్ వల్ల.

నర్సు_విశాఖ
నిదానం గారూ, మీరు రాసిన పోస్టు మా వార్డులో కొత్తవాళ్లకు చదివి వినిపిస్తా, మీకు అభ్యంతరం లేకపోతే.

నిదానం
తప్పకుండా వినిపించండమ్మా.

మునగచెట్టు
ఇనుము గురించి నేనొకటి చెప్పాలి. ఇది ఎవరితోనూ చెప్పుకోలేదు ఇన్నాళ్లు.

స్లీవ్ అయిన రెండో ఏడు రాత్రిపూట వంటింట్లోకి వెళ్లి బియ్యం డబ్బా మూత తీసి గుప్పెడు బియ్యం నమిలేదాన్ని. పచ్చి బియ్యం. ఆ వాసన వస్తేనే నోరూరేది. తర్వాత ఫ్రిజ్‌లో ఐసు ముక్కలు. ట్రే మొత్తం. పడుకుంటే కాళ్లు ఒకచోట పెట్టలేకపోయేదాన్ని, లోపలేదో లాగుతున్నట్టు. మా అమ్మ చూసి "బియ్యం తింటే పెళ్లిలో వాన పడుతుందే" అంది. నాకు పెళ్లయి పదకొండేళ్లు. ఆవిడకు అదే గుర్తొచ్చింది పాపం.

డాక్టర్‌కు వేరే పని మీద వెళ్లినప్పుడు సిగ్గుపడుతూనే చెప్పాను. వెంటనే ఫెర్రిటిన్ రాశారు. 4 వచ్చింది. పచ్చి బియ్యం, ఐసు, బలపాలు, మట్టి తినాలనిపించడం ఇనుము లోటుకు గుర్తట. బిళ్లలతో ఎక్కేలా లేదని ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే ఇనుము మందు డ్రిప్ పెట్టారు. పది రోజుల్లో బియ్యం డబ్బా వైపు చూడాలనిపించలేదు. అది నా బలహీనత అనుకుని ఎంత బాధపడ్డానో. మీలో ఎవరికైనా ఇలా ఉంటే దాచుకోకండి, చెప్పండి.

సన్నజాజి_బెజవాడ
అక్కా, నేను ఐసు తింటున్నా. రోజూ. ఎండలకు అనుకున్నాను.

మునగచెట్టు
శ్రావణంలో ఎండలెక్కడివమ్మా. ఫెర్రిటిన్ చూపించు.

మందులషాపు_రమణ
కాల్షియం గురించి మా షాపుకొచ్చే వాళ్లలో చూసే పొరపాటు ఒకటి చెప్తా. "కాల్షియం బిళ్ల ఇవ్వండి" అంటారు, చేతికందింది ఇచ్చేస్తారు. ఎక్కువగా దొరికేది కాల్షియం కార్బొనేట్. అది ఇంకాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి, అందుకే తిండితో పాటే వేసుకోవాలి. ఆపరేషన్ అయిన కడుపుకు, గ్యాస్ బిళ్ల వేసుకునే వాళ్లకు సిట్రేట్ మేలు. దానికి ఆమ్లం అక్కర్లేదు, తిన్నా తినకపోయినా పనిచేస్తుంది.

స్ట్రిప్ వెనక అక్షరాలు చిన్నవి, కళ్లజోడు పెట్టుకునైనా చదవండి. పెద్ద అక్షరాల్లో "1000" అని ఉంటే అది సిట్రేట్ మొత్తం బరువు కావచ్చు. సిట్రేట్‌లో అసలు కాల్షియం ఐదో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. అంటే 1000లో సుమారు 210. కార్బొనేట్ అయితే 1250లో 500. "ఎలిమెంటల్ కాల్షియం" అన్న మాట పక్కన ఉన్న అంకే మీకు కావలసింది. ఒకేసారి 500, మహా అయితే 600కు మించి వేసుకున్నా ఒంటికి పట్టదు. అందుకే విడదీసి రెండు మూడు సార్లు. ఐరన్‌కూ కాల్షియంకూ మధ్య కనీసం రెండు గంటలు. రెండూ ఒకే దారిలో తోసుకుంటాయి, కలిపి వేస్తే ఐరనే నష్టపోతుంది.

కొత్తపేట_కవిత
నాకు థైరాయిడ్ బిళ్ల కూడా ఉంది రమణ గారూ. పొద్దున అది, తర్వాత కాఫీ, తర్వాత మల్టీవిటమిన్, కాల్షియం, ఐరన్... నా రోజు మొత్తం గడియారం చూసుకోవడానికే సరిపోతోంది.

కూకట్‌పల్లి_వెంకట్
కవిత గారూ, మా ఆవిడకీ థైరాయిడ్ ఉంది, తనకూ స్లీవ్ అయింది. మా ఫ్రిజ్ మీద అంటించిన కాగితం చూసి రాస్తున్నా. 5:30కి లేవగానే థైరాయిడ్ బిళ్ల, మంచినీళ్లతో. కాఫీ ఆరున్నర తర్వాత. థైరాయిడ్ బిళ్లకూ కాల్షియం, ఐరన్‌కూ నాలుగు గంటల ఎడం ఉండాలన్నారు కాబట్టి టిఫిన్‌తో ఏమీ వేయదు. 10 గంటలకు ఆఫీసులో మల్టీవిటమిన్, బి కాంప్లెక్స్. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఒక కాల్షియం. సాయంత్రం 5:30కి ఇంకో కాల్షియం. రాత్రి 9కి ఐరన్, నిమ్మరసం పిండిన నీళ్లతో. నిమ్మలోని సి విటమిన్ ఐరన్‌ను బాగా పట్టిస్తుంది. టీ, కాఫీ ఐరన్‌కు దగ్గరలో ఉండకూడదు, అందుకే ఐరన్‌ను రాత్రికి తోసేశాం.

మా ఆవిడ మల్టీవిటమిన్‌లో ఐరన్ ఉంది, కాబట్టి దాన్నీ కాల్షియం నుంచి దూరం పెట్టాం. మీ డబ్బా ఒకసారి చూసుకోండి. ఈ పట్టికను మీ డాక్టర్‌కు చూపించి మీకు తగ్గట్టు మార్చుకోండి.

కొత్తపేట_కవిత
ఫోటో తీసి పెట్టుకున్నా. ఇంకొకటి. నాకు స్లీవ్ అయ్యి 8 నెలలు. మా ఇంట్లో రెండో బిడ్డ గురించి అడుగుతున్నారు.

నర్సు_విశాఖ
ఇంకా ఆగమనండి. 12 నుంచి 18 నెలలు ఆగమని చెప్తారు, బరువు వేగంగా తగ్గే కాలంలో బిడ్డకు అందాల్సినవి అందవు. ఆ లోపు మీ నిల్వలన్నీ పరీక్ష చేయించి సరిచేసుకోండి, ఫోలిక్ యాసిడ్ ముందు నుంచే మొదలుపెట్టాలి. అప్పటి నుంచి గర్భం అంతటా మల్టీవిటమిన్‌లో ఎ విటమిన్ రెటినాల్ రూపంలో కాకుండా బీటా కెరోటిన్ రూపంలో ఉండాలి, రెటినాల్ ఎక్కువైతే బిడ్డకు మంచిది కాదు. గర్భిణులకు చేసే గ్లూకోజ్ తాగే పరీక్ష ఆపరేషన్ అయినవాళ్లకు, ముఖ్యంగా బైపాస్ వాళ్లకు పడదు, చెమటలు పట్టి కళ్లు తిరుగుతాయి. దాని బదులు కొన్నాళ్లు ఇంట్లోనే షుగర్ చూసుకోమంటారు. ముందే చెప్పి పెట్టుకోండి.

డల్లాస్_పద్మ
జుట్టు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడే నేను బోర్లా పడ్డాను. ఆపరేషన్ అయిన మూడో నెల నుంచి జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. అది మామూలేనట, ఒంటికి తగిలిన దెబ్బకు జుట్టు ఒకేసారి రాలుతుంది, కొన్ని నెలల్లో మళ్లీ వస్తుంది. నేను ఆగలేక జింక్ 50 మి.గ్రా. బిళ్లలు ఏడాదిపాటు మింగాను. జుట్టు వచ్చింది. దాంతో పాటు కాళ్ల తిమ్మిరి, తూలుడు కూడా వచ్చాయి. బి12 చూస్తే బాగానే ఉంది. ఎవరికీ అర్థం కాలేదు. చివరికి రాగి పరీక్ష రాస్తే అది బాగా పడిపోయి ఉంది. తాగే జావ రాగి కాదు, చెంబు రాగి! జింక్ ఎక్కువైతే రాగి ఇంకదు, రాగి తగ్గితే అచ్చం బి12 లోటులాగే కాళ్లు మొద్దుబారతాయి. ఈ రెండింటినీ కలిపి చూసుకోవాలి. 8 నుంచి 15 మి.గ్రా. జింక్‌కు 1 మి.గ్రా. రాగి ఉండాలంటారు.

జుట్టుకని బయోటిన్ వాడేవాళ్లు థైరాయిడ్ పరీక్షకు రెండు మూడు రోజుల ముందు మానేయండి, నంబర్లు తప్పుగా వస్తాయి.

రాగిజావ
నా పేరు చూసి ఎవరైనా రాగి కోసం నా దగ్గరికి వస్తారేమో ఇక.

షార్జా_రఫీ
నాది 2023 స్లీవ్. రంజాన్ ఉపవాసాల సమయంలో ఎలా అని ఎవరైనా అడిగితే, నేను చేసేది ఇది. ఇఫ్తార్ తర్వాత గంటకు ఐరన్, రాత్రి తరావీహ్ నమాజ్ నుంచి వచ్చాక కాల్షియం, తెల్లవారుజామున సహరీలో మల్టీవిటమిన్, రెండో కాల్షియం. నా మల్టీవిటమిన్‌లో ఐరన్ లేదు కాబట్టి కలిపేస్తా. మొదటి ఏడు మాత్రం డాక్టర్ ఉపవాసం వద్దన్నారు, ఉండలేదు.

సన్నజాజి_బెజవాడ
రిపోర్టులు వచ్చాయి. బి12 128. ఫెర్రిటిన్ 7. హిమోగ్లోబిన్ 10.4. విటమిన్ డి 11. కాల్షియం 8.9, అది మామూలుగానే ఉందని రాసి ఉంది. పీటీహెచ్ మాత్రం 118, పక్కన ఎర్రగా గీత. కాల్షియం సరిపోయినప్పుడు పీటీహెచ్ ఎందుకు ఎక్కువ? క్రియాటినిన్ 0.7.

నర్సు_విశాఖ
రక్తంలో కాల్షియం తగ్గితే గుండె కొట్టుకోవడం తేడా చేస్తుంది కాబట్టి శరీరం దాన్ని ఎలాగైనా నిలబెడుతుంది. ఎక్కడి నుంచి తెస్తుంది? మీ ఎముకల నుంచి. తెమ్మని పంపేది పీటీహెచ్. అందుకే రక్తంలో కాల్షియం బాగుందన్న మాట ఒక్కటీ నమ్మలేం. ఇంటి ఖర్చుకు ప్రతి నెలా తాకట్టు పెట్టిన బంగారం లాంటిది, డబ్బాలో డబ్బు కనపడుతూనే ఉంటుంది, బీరువా ఖాళీ అవుతుంటుంది.

మీ అత్తగారికి క్రియాటినిన్ చూపించండి, కిడ్నీలు శుభ్రంగా ఉన్నాయి. ఇంకో సంగతి కూడా చెప్పండి. ఈ ఆపరేషన్ల తర్వాత, ముఖ్యంగా బైపాస్‌లో, కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు వచ్చే అవకాశం పెరుగుతుంది. తిండితో పాటు లోపలికి వెళ్లిన కాల్షియం పేగులోనే ఆ ఆక్సలేట్‌ను పట్టేస్తుంది, మూత్రంలోకి వెళ్లనివ్వదు. భయపడి మానేస్తేనే రాళ్లకు దారి. నీళ్లు బాగా తాగాలి, గుక్క గుక్కగా.

సన్నజాజి_బెజవాడ
డాక్టర్ దగ్గర నుంచి ఇప్పుడే వచ్చాం. బి12 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్ రోజు విడిచి రోజు, రెండు వారాలు. తర్వాత వారానికొకటి, ఆపైన నెలకొకటి. బి1 కూడా రాశారు. ఐరన్ డ్రిప్ సోమవారం. కాల్షియం సిట్రేట్, డి3 సాచెట్ వారానికి 60,000 ఐయూ, ఎనిమిది వారాలయ్యాక మళ్లీ పరీక్ష. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ముందుగా మొదలుపెట్టొద్దు, బి12తో కలిపే అన్నారు. ఒక్క ఫోలిక్ వేస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయట.

మా అత్తగారు కూడా వచ్చారు. డాక్టర్ బొమ్మ గీసి చూపించారు, కడుపు ఎంత తీసేశారో. బయటికి వచ్చాక ఆటోలో ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చి నా బిళ్లలన్నీ తీసుకుని తన బీపీ బిళ్లల పక్కన పెట్టుకున్నారు. "వేళకు నేనిస్తా" అన్నారు.

మునగచెట్టు
ఇంజెక్షన్ల కంటే అది పెద్ద మందు.

మందులషాపు_రమణ
డి3 సాచెట్ విషయంలో ఒక జాగ్రత్త. వారానికో సాచెట్ అని రాస్తే ఎన్ని వారాలో అన్ని వారాలే. ఎ, డి, ఇ, కె కొవ్వులో కరిగేవి, ఎక్కువైతే ఒంట్లో పేరుకుంటాయి. మా దగ్గరికి రెండేళ్లుగా అదే చీటీ పట్టుకొచ్చేవాళ్లున్నారు, పరీక్ష చేయించుకుని రమ్మని పంపిస్తుంటా. ఖర్చు ఇబ్బందైతే జన ఔషధి దుకాణంలో అడగండి, కొన్ని బాగా తక్కువకు దొరుకుతాయి.

కరీంనగర్_మల్లన్న
వారం సంది ఈ ముచ్చట నా తలకాయల తిరుగుతున్నది. నిన్న పోయి రక్తమిచ్చిన. బి12 171. ఫెర్రిటిన్ 12. హిమోగ్లోబిన్ 13. నర్సమ్మ చెప్పినట్టే ఉంది. పీటీహెచ్ రేపొస్తది. నాకు తిమ్మిర్లు లెవ్వు, ఏం లెవ్వు. బాగనే ఉన్న అనుకున్న.

కూకట్‌పల్లి_వెంకట్
తిమ్మిర్లు రాకముందే చూపించుకున్నావు అన్నా, చాలా మంచి పని చేశావు. నరం ఎన్నాళ్లు దెబ్బతింటే అంత ఆలస్యంగా కోలుకుంటుంది, కొంత కోలుకోకపోవచ్చు కూడా.

సన్నజాజి_బెజవాడ
మూడు వారాలైంది. నీరసం తగ్గింది, ఐసు మానేశా. కుడికాలు దాదాపు సర్దుకుంది. ఎడమ కాలి వేళ్లలో ఇంకా కొంచెం ఉంది, నెలలు పట్టొచ్చన్నారు. నిన్న కూరగాయలకు వెళ్లినప్పుడు ఎడమ చెప్పు జారింది. తెలిసింది. అక్కడే ఆగి మళ్లీ తొడుక్కున్నా.

నిదానం
చదివి మా ఆవిడకు చెప్పానమ్మా. చాలా సంతోషించింది.

కరీంనగర్_మల్లన్న
పీటీహెచ్ 96. సర్జన్ సార్ సిట్రేట్ రాసిండు, ఐరన్ రాసిండు, బి12 సూది రాసిండు. సిట్రేట్ ఎలిమెంటల్ 250ది, రోజుకు ఆరు. అన్నీ ఒకటేసారి మింగొద్దు కదా? పొద్దుగాల నాలుగింటికి పొలం పోత, పదకొండింటికి తింట.

మందులషాపు_రమణ
వద్దు. మూడు పూటలకు రెండేసి. పదకొండుకు తిన్నాక రెండు, మధ్యాహ్నం మూడుకు రెండు, రాత్రి భోజనం ఏడుకైతే అప్పుడు రెండు. ఐరన్ పడుకునే ముందు తొమ్మిదిన్నరకు. టీ తాగే వేళ ఏది?

కరీంనగర్_మల్లన్న
పొద్దుగాల పోయేముందు, మల్ల నాలుగింటికి.

మందులషాపు_రమణ
అయితే ఇబ్బంది లేదు. ఐరన్‌కు చాలా దూరంలో ఉంది.